గాలి అడిగిన పొయ్యి

ఈ సంగతి ఎందుకు రాస్తున్నానో ముందు చెప్పాలి. మా కంపెనీ ఫైల్లో ఈ పని గురించి ఉన్నది ఒకటే వాక్యం: కట్టెపొయ్యి బిగించడమైనది, తనిఖీ పూర్తయినది, కస్టమర్ సంతకం తీసుకోవడమైనది. అందులో అబద్ధం లేదు. కానీ ఆ పొయ్యిని ఎంచింది నేను. దాన్ని పెట్టిన గదిని సిద్ధం చేసింది నేను. తనిఖీకి రెండు రోజుల ముందు ఆ గదిలో ఒక మనిషి ప్రాణం పోయేదాకా వచ్చింది కూడా నా పని వల్లనే. అది ఫైల్లో లేదు. మన జిల్లాల నుంచి సౌదీ పోయిన ఏసీ మెకానిక్‌లు ఇప్పుడు చలికాలంలో ఇలాంటి పొయ్యిలు కూడా బిగిస్తున్నారని విన్నాను. నేను చేసిన తప్పు ఏసీ పని బాగా వచ్చినవాడే చేసే తప్పు. అందుకే ఇది కాగితం మీద ఉండాలి.

ఖసీం ప్రాంతంలో బురైదా పట్నంలో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఇరవై ఏడేళ్లు పనిచేశాను. ఏసీ హెల్పర్‌గా చేరి, టెక్నీషియన్, ఫోర్‌మన్ దాటి, చివరి ఆరేళ్లు సూపర్‌వైజర్‌గా ఉన్నాను. సూపర్‌వైజర్ అంటే పానా పట్టడం తగ్గి సంతకం పెట్టడం పెరిగినవాడు. ఏ సామాను కొనాలో, ఎట్లా బిగించాలో రాసిచ్చి, పని అయ్యాక బాధ్యత నాదని సంతకం పెట్టాలి. నా చదువు ఐటీఐతో ఆగింది. మిగతాదంతా మా మండల లైబ్రరీ బల్ల మీద, తర్వాత సౌదీలో మెషీన్లతో పాటు వచ్చే మాన్యువళ్లలో చదువుకున్నదే. డిక్షనరీ పక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవాణ్ణి. మిగతా ఫోర్‌మన్లు బొమ్మలు చూసి వదిలేసే పుస్తకాలవి. ఆ అలవాటు మీద నాకు గర్వం ఉండేది, ఇప్పటికీ ఉంది.

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, డిసెంబర్ మొదటి ఆదివారం నాడు మేనేజర్ నన్ను పిలిచి ఒక నోటీసు కాపీ చేతిలో పెట్టాడు. అది మునిసిపాలిటీ నుంచి అబూ ఫహద్ అనే ఖర్జూర తోట యజమానికి వచ్చింది. ఆయన తోటలోని అతిథి గృహం పొగ గొట్టం నుంచి వచ్చే పొగ పక్కన కొత్తగా కట్టిన ఇళ్లలోకి పోతోందని ఫిర్యాదు. పద్నాలుగు రోజుల్లో పొగ తక్కువ వచ్చే పొయ్యి, పరీక్ష సర్టిఫికెట్ ఉన్నది, పెట్టి చూపించాలి. లేదంటే ఆ గదికి సీలు వేస్తారు.

ఖసీంలో చలికాలం గడ్డకట్టే చలి. అక్కడి పెద్ద ఇళ్లలో, తోటల్లో మషబ్ అని ప్రత్యేకంగా ఒక గది కడతారు. గోడకు పొయ్యి, పొయ్యి ముందు ఇత్తడి కాఫీ పాత్రలు, చుట్టూ నేల మీద పరుపులు. వచ్చిన అతిథికి ముందు మంట చూపించాలి, తర్వాత కాఫీ పోయాలి. మంట లేని మషబ్‌లో కూర్చోబెట్టడం వాళ్లకు నామోషీ. అబూ ఫహద్‌కు డెబ్బై దాటాయి. సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత ఆయన తోటి ముసలాయనలు అక్కడికి చేరి, పొద్దుగుంకాక చేసే మగ్రిబ్ నమాజు దాకా కూర్చుంటారు.

ఆ మంట చూసుకునేది, కాఫీ కాచేది మా మెట్‌పల్లి వైపు నుంచి వచ్చిన లింబన్న. యాభై ఐదేళ్ల మనిషి. పన్నెండేళ్లుగా అదే గదిలో, అదే పొయ్యి ముందు ఉన్నాడు. నేను కొలతలకు పోయిన రోజు నన్ను చూసి లేవబోయి దగ్గు ఆగక మళ్లీ కూర్చున్నాడు.

"సత్తెన్నా, ఈ పొగ తిని తిని నా పానం కట్టెలెక్కయింది. నువ్వు సదువుకున్నోనివి. పొగ లేని పొయ్యి ఉంటదా?" అన్నాడు.

ఉంటుందని చెప్పాను. తెప్పిస్తానని మాట కూడా ఇచ్చాను.

కట్టె ఎలా మండుతుందో చదివినవాడికి పొయ్యి ఎంచడం కష్టం కాదు. కట్టెలో ముందు తడి ఆవిరవుతుంది. తర్వాత కట్టె లోపలి నుంచి వాయువులు బయటికి వస్తాయి. అవి పూర్తిగా మండితే మంట, మండకపోతే పొగ. చివరికి మిగిలేది నిప్పులు. కాబట్టి పొగ అంటే మండకుండా తప్పించుకుపోయిన కట్టె. మంచి పొయ్యిలో పైభాగాన వేడిగాలి మళ్లీ వదిలి ఆ వాయువులను రెండోసారి మండిస్తారు. దుకాణంలో మూడు పొయ్యిలు చూశాను. మొదటిది అద్దం పెద్దది, నగిషీ పని అందంగా ఉంది, కానీ పరీక్ష పలక లేదు. రెండోది ఇక్కడే వెల్డింగ్ చేసిన ఇనుప పెట్టె. మూడోది చిన్నది, నల్లగా సాదాగా ఉంది. వెనక పలక మీద పరీక్ష వివరాలున్నాయి, రెండో గాలి దారి ఉంది. మూడోదే రాసిచ్చాను.

అబూ ఫహద్‌కు మొదటిది నచ్చింది. "ముహందిస్, అతిథి చూసేది మంటను. నీ పలకను ఎవరు చూస్తారు?" అన్నాడు. ముహందిస్ అంటే ఇంజనీరు. నేను ఇంజనీరును కానని ఆయనకు తెలుసు. ఎగతాళి చేయాలనిపించినప్పుడే అలా పిలిచేవాడు. అది ఆ గదికి పెద్దదనీ, గదికి మించిన పొయ్యి పెడితే వేడి ఎక్కువై గాలి తగ్గించి మండిస్తారనీ, గాలి తగ్గితే మళ్లీ పొగే వస్తుందనీ చెప్పాను. ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, సరే, కానీ గోడ పగలగొట్టవద్దు అన్నాడు. ఆ గోడకు పాత పద్ధతిలో మట్టి, జిప్సం పూత వేయించి ఇంకా ఏడాది కాలేదు.

ఆ షరతు దగ్గరే తప్పు మొదలైంది. పొయ్యి అడుగున గుండ్రని రంధ్రం ఒకటి, దానికి బిగించిన మూత ఒకటి ఉన్నాయి. గది బిగుతుగా ఉంటే ఆ మూత తీసి, గోడలోంచి గొట్టం వేసి బయటి గాలి ఇవ్వాలని మాన్యువల్‌లో ఒక పేజీ నిండా ఉంది. ఆ పేజీ చదివాను. చదివి, ఇది మంచు దేశాల ఇళ్లకు రాసిన మాట అనుకున్నాను. ఇసుక దేశంలో ఏ తలుపు సరిగ్గా మూసుకుంటుంది, ఏ కిటికీకి సందు ఉండదు? మూత అలాగే ఉంచాను.

కట్టె విషయంలో మాత్రం గట్టిగా ఉన్నాను. సౌదీలో స్థానిక చెట్లు నరికి కట్టె అమ్మడం నిషేధం. బయటి దేశం నుంచి వచ్చిన కట్టెనే బిల్లుతో తెప్పించాం. కొన్ని మొద్దులు చీల్చి లోపలి ముఖం చెంపకు ఆనించి చూశాను. చల్లగా తగిలినవి తడివి. వాటిని పక్కన పెట్టించాను.

పొగ గొట్టం పని ఇర్ఫాన్ చేశాడు. ఇర్ఫాన్ పాకిస్తానీ, మా కంపెనీలో డక్ట్ పనివాడు. రేకును కాగితంలా మడిచేవాడు. వంపు లేకుండా గొట్టాన్ని నిటారుగా పిట్టగోడ దాటించి పైన టోపీ పెట్టాడు. అతను పైకప్పు మీద ఉన్నంతసేపూ నేను కింద గది పని చేశాను. ఎవరూ చెప్పకుండానే చేసిన పని అది. తలుపు కింద వేలు పట్టేంత సందు ఉంది, దానికి రబ్బరు పట్టీ వేశాను. గోడలో పాత గాలి కిటికీ ఒకటి ఉంది, దాన్ని ఫోమ్ నింపి మూసేశాను. కిటికీ ఫ్రేముల చుట్టూ సిలికాన్ పట్టించాను. ఏసీవాడి దృష్టిలో సందు అంటే శత్రువు. దాంట్లోంచి చల్లదనం పోతుంది, ఇసుక వస్తుంది. పాతికేళ్లు సందులు మూసిన చెయ్యి మనసును అడగదు. పని అయ్యాక తలుపు వేసి, బయటి లారీ చప్పుడు కూడా వినపడడం లేదని లింబన్నతో గొప్పగా చెప్పాను.

మరునాడు పొద్దున ట్రయల్ చేశాం. మంట అంటుకున్న పావుగంటకు పైకప్పు ఎక్కి చూస్తే గొట్టం మీద గాలి వేడికి వణుకుతోంది, పొగ లేదు. అబూ ఫహద్ పక్క ఇంటి ఆయనను గోడ దగ్గరికి పిలిచి మరీ చూపించాడు. ఆ పూట అందరూ లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నారు. తలుపు మూసి ఉన్న క్షణం లేదు. అది నేను లెక్కలోకి తీసుకోలేదు.

తనిఖీ మంగళవారం. ఆదివారం సాయంత్రం, అస్ర్ దాటిన గంటకు, ఇర్ఫానూ నేనూ పైకప్పు దగ్గర గొట్టం చుట్టూ బిగించాల్సిన రేకు రింగు పట్టుకుని తోటకు పోయాం. అబూ ఫహద్ ఆ రోజు పెళ్లికి పోయాడు, ముసలాయనలు రాలేదు. మషబ్ తలుపు మూసి ఉంది. కొట్టాం, జవాబు లేదు.

"నీ లింబన్న నిద్రపోయాడు ఉస్తాద్. పొగ పోయాక ఆయనకు సుఖం ఎక్కువైంది" అని ఇర్ఫాన్ నవ్వాడు.

నేను కిటికీలోంచి చూశాను. లింబన్న గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. చేతిలోని చిన్న కాఫీ గిన్నె ఒడిలో ఒలికి ఉంది, ఆయన దాన్ని చూసుకోవడం లేదు. పొయ్యిలో మంట లేదు, ఎర్రటి నిప్పులు మాత్రం ఉన్నాయి. గదిలో పొగ జాడ కూడా లేదు. గదిలోనే ఒక పక్క, కాఫీ గింజలు వేయించే మూల నుంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరు వినిపిస్తోంది.

తలుపు తోస్తే వెంటనే రాలేదు. కింద నేను వేసిన రబ్బరు పట్టీ గడపకు బిగుసుకుని ఉంది. భుజంతో నెట్టాం. రబ్బరు పట్టీ జరిగి తలుపు తెరుచుకోగానే నా వీపు మీదుగా గాలి లోపలికి దూసుకుపోయింది. అంత గాలి ఎందుకు దూసుకుపోయిందో నా బుర్రకు ఆ క్షణంలోనే తెలిసింది. ఫ్యాన్ గదిలోని గాలిని బయటికి లాగేస్తోంది. లోపలికి రావడానికి నేను ఒక్క దారీ మిగల్చలేదు. ఇక మిగిలింది పొగ గొట్టం ఒక్కటే. గాలి అందులోంచి కిందికి దిగి, పొయ్యిలోని వాయువును తనతో పాటు గదిలోకి తెస్తోంది. నిప్పులు పొగ ఇవ్వవు. కానీ కార్బన్ మోనాక్సైడ్ ఇస్తాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇదంతా నేను చదువుకున్నదే.

ఊపిరి బిగబట్టి చెరో రెక్కా పట్టుకుని లింబన్నను బయటికి ఈడ్చాం. మట్టిలో పడుకోబెట్టగానే వాంతి చేసుకున్నాడు. పేరు పెట్టి పిలిస్తే చూస్తున్నాడు కానీ గుర్తుపట్టడం లేదు. అంబులెన్స్ తోట వెతుక్కుంటూ వచ్చేదాకా ఆగే ధైర్యం లేక పికప్‌లో వేసుకున్నాం. ఇర్ఫాన్ బండి నడిపాడు. నేను వెనక లింబన్న తల ఒళ్లో పెట్టుకుని, అన్నీ అద్దాలు దించి, "లింబన్నా, నిద్రపోకు, మాట్లాడు" అంటూనే ఉన్నాను. ఆయన ఒక్కసారి మాత్రం "తల పలుగుతుంది" అన్నాడు.

ఎమర్జెన్సీలో మా మాటలు విని ఒక నర్సు తెలుగులో పలకరించింది. ఆమె పేరు సునీత, భీమవరం దగ్గర ఊరు. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ అంకె బాగానే చూపించింది. నాకు ప్రాణం లేచి వచ్చి, "బాగానే ఉంది కదా అమ్మా" అన్నాను.

"ఆ అంకెని నమ్మకండి బాబాయిగారూ. గదిలో ఏం మండించారు, అది చెప్పండి ముందు" అంది.

కట్టెపొయ్యి అన్నాను. పొగ లేదని కూడా అన్నాను. అది ఎందుకు అన్నానో ఇప్పటికీ తెలియదు.

"పొగ ఉంటే లేచి బయటికొచ్చేవారండి. లేకపోబట్టే కదా అక్కడే కూర్చుండిపోయారు" అని ఆక్సిజన్ మాస్కు బిగించి డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. వేలి క్లిప్పుకు ఆక్సిజన్‌కూ ఈ విషవాయువుకూ తేడా తెలియదట. రక్త పరీక్షలోనే తెలుస్తుందట. పరీక్షలో అదే తేలింది.

బయట బెంచీ మీద ఉండగా మేనేజర్ ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాను. ఆయన వినగానే, మనిషికి ముందు నుంచే దగ్గు ఉంది కదా, ఆరోగ్యం బాగోలేక పడిపోయాడని రాయండి, తనిఖీ ఎల్లుండి, పొయ్యి పేరు ఎత్తకండి అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నా సంతకం గురించీ, రిటైరైనప్పుడు నాకు రావాల్సిన సర్వీసు డబ్బు గురించీ కూడా ఆలోచించే అన్నాడు. నేను వెంటనే కాదనలేదు. చూస్తానన్నాను. ఫోన్ పెట్టేసి లెక్క వేసుకున్నాను. అనారోగ్యం అని రాస్తే లింబన్న నాలుగు రోజుల్లో కోలుకుంటాడు. కోలుకుని ఆ గదిలోకే పోతాడు. తలుపు వేసుకుని, గింజలు వేయిస్తూ, అదే ఫ్యాన్ వేస్తాడు. ఈసారి కిటికీలోంచి చూసేవాడు ఉండడు.

పెళ్లి నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చిన అబూ ఫహద్‌కు వరండాలోనే చెప్పాను. పొయ్యిలో లోపం లేదు, గది బిగించింది నేను, తప్పు నాదని.

"ఇది నీ పుస్తకంలో లేదా?" అన్నాడు.

"ఉంది. చదివాను. మనకు కాదనుకున్నాను."

ఈసారి ఆయన ముహందిస్ అనలేదు. రేపు పొద్దున వచ్చి నాకు చూపించు అన్నాడు.

సోమవారం పొద్దున అగరుబత్తి ఒకటి, కొత్తగా కొన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తీసుకుని పోయాను. పొయ్యిలో చిన్న మంట వేసి, గొట్టం వేడెక్కాక తలుపు మూసి, అగరుబత్తిని పొయ్యి గాలి సందు ముందు పట్టుకున్నాను. పొగ పొయ్యిలోకి పోయింది. ఇర్ఫాన్‌ను ఫ్యాన్ వేయమన్నాను. పొగ ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి నా ముఖం మీదికి వచ్చింది. తలుపు కింది పట్టీ లాగేశాను. పొగ మళ్లీ లోపలికి పోయింది. అబూ ఫహద్ నా చేతిలోంచి అగరుబత్తి తీసుకుని, పట్టీ పెట్టించి, తీయించి, తానే రెండుసార్లు చేసి చూశాడు.

తర్వాత ఆయనే సుత్తి తెప్పించి మొదటి దెబ్బ వేశాడు. గోడ పగిలింది. పొయ్యి అడుగు మూత తీసి బయటి నుంచి గొట్టం వేశాం. గొట్టం మూతికి ఇసుక రాకుండా ఏసీ ఫిల్టరు పెడదామన్నాను.

"ఉస్తాద్, ఫిల్టర్ పెట్టి దీనికి మళ్లీ ముక్కు మూస్తావా?" అన్నాడు ఇర్ఫాన్. నిజమే, నెల తిరక్కుండా ఇసుకతో పూడిపోయేది. పురుగులు దూరకుండా జాలీ ఒక్కటే పెట్టాం. గోడలోని పాత గాలి కిటికీలో ఫోమ్ తీసేశాం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పూర్తిగా విప్పేసి, గింజలు వేయించడం బయటి వంటగదికి మార్పించాం. అలారం గోడకు బిగించాం. గది సిద్ధం చేసినప్పుడు ఏం మూశానో, దానివల్ల ఏం జరిగిందో రిపోర్టులో వరుసగా రాసి మేనేజర్‌కు ఇచ్చాను. ఆయన చదివి డ్రాయర్‌లో పెట్టాడు. ఫైల్లోకి అది ఎందుకు చేరలేదో నేను అడగలేదు.

మంగళవారం మునిసిపాలిటీ నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు పలక ఫోటో తీసుకున్నాడు, కట్టె బిల్లు చూశాడు, గొట్టం వైపు పది నిమిషాలు తలెత్తి చూశాడు. పాసయిందన్నాడు. అలారం, గాలి గొట్టం నేనే చూపించాను. మా నిబంధన బయటికి వచ్చే పొగకే, లోపలి గాలి మీ బాధ్యత అని మర్యాదగానే చెప్పి పోయాడు.

లింబన్న గురువారం ఆసుపత్రి నుంచి వచ్చాడు. ఆ సాయంత్రమే నన్ను పిలిపించాడు. మషబ్ గడప బయట నిలబడి ఉన్నాడు, లోపలికి పోలేదు.

"పొగ ఉన్నన్నాళ్లు దగ్గిన, పొగ పోతే పడిపోయిన. గిదేం పొయ్యే సత్తెన్నా?" అన్నాడు. తప్పు నాదన్నాను. "తప్పు నీదే, ఎరికే. ఇర్ఫాన్ చెప్పిండు. గట్లనే ఇప్పుడు మంచిగున్నదంటున్నవు. నువ్వు కూసో ముందుగాల. తలుపేసుకొని కూసో. నేను బయటికెల్లి సూస్త."

న్యాయమైన మాట. మంట వేసి, తలుపు మూసుకుని, పరుపు మీద కూర్చున్నాను. కిటికీ అవతల లింబన్న ముఖం అద్దానికి దగ్గరగా ఉంది. నా ఎదురుగా గోడ మీద అలారం అంకె సున్నా చూపిస్తోంది. కట్టెలు మండి నిప్పులయ్యాయి. ఆ సమయమే ప్రమాదమైనదని ఇద్దరికీ తెలుసు. ఆయన రెప్ప వేయడం లేదు. నాకు నుదుట చెమట పట్టింది. అది వేడికా, భయానికా, లోపల వాయువు చేరుతోందా అని నన్ను నేనే మూడుసార్లు పరీక్షించుకున్నాను. ఎక్కాలు చదివాను, తప్పు పోలేదు. అంకె మారలేదు. మగ్రిబ్ అజాన్ మొదలైనప్పుడు తలుపు చప్పుడైంది. లింబన్న లోపలికి వచ్చి, నా ముఖం దగ్గరగా చూసి, పక్కన కూర్చుని, కాఫీ పాత్రను నిప్పుల వైపు జరిపాడు.

ఈ పని నేర్పింది ఇది. పరీక్ష పలక పొయ్యికే ఉంటుంది, గదికి ఉండదు. పొయ్యి ఎంచేవాడు ముందు ఆ గదికి గాలి ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది, లోపల ఎవరు కూర్చుంటారు, వాళ్లు ఏ స్విచ్చి వేస్తారు అని చూడాలి. ట్రయల్‌ను తలుపు మూసి, ఫ్యాన్లన్నీ వేసి చేయాలి. మాన్యువల్‌లో మనకు వర్తించదనిపించిన పేజీని రెండోసారి చదవాలి.

భుజం కలిపి తలుపు నెట్టి, బండి నడిపిన ఇర్ఫాన్‌కు, అంకెను నమ్మకుండా మనిషిని చూసిన సిస్టర్ సునీతకు, అంత ఇష్టపడి చేయించుకున్న గోడను తన చేత్తోనే పగలగొట్టడం మొదలుపెట్టిన అబూ ఫహద్‌కు కృతజ్ఞతలు. నన్ను ముందు కూర్చోబెట్టి, ఆ తర్వాతే తాను కూర్చున్న లింబన్నకు అందరికంటే ఎక్కువ.